జుట్టు వెనక మాట

అక్క సంచీలోంచి గోళ్ళు తీసుకునే కట్టర్ ఒకటి బయటికి తీసి, కంచాల పక్కన బల్ల మీద పెట్టింది.

"ఇదిగో, ఇవాళ్టినుంచి నా పనిముట్టు," అంది.

చెల్లెలు నవ్వబోయింది. అక్క హాస్యాలన్నీ ఇలాగే ఉంటాయి. చెప్పేటప్పుడు ముఖంలో గీత కదలదు. కానీ ఈసారి అక్క చెప్పులు విప్పకుండానే కూర్చుంది. మెడలో టేపు లేదు. కుట్టు షాపునుంచి బయల్దేరేటప్పుడు టేపు తియ్యడం మరిచిపోయి, దారి పొడుగునా మెడలో వేలాడేసుకుని రావడం ఆమె అలవాటు. బస్సులో ఎవరైనా వింతగా చూస్తే, "డాక్టర్నండి, మనుషుల వెడల్పు చూస్తాను," అనేది.

"సరిగ్గా చెప్పవే. ఏమైంది?"

"మేడమ్ నా కత్తెర సొరుగులో పెట్టి తాళం వేసింది. దారపు పోగులు తెంపుకోమని ఇది చేతిలో పెట్టింది. ఇది తెంపదు. దారాన్ని బతిమాలుతుంది."

బడిపిల్లల యూనిఫారాలు, ఆసుపత్రి కోట్లు, హోటలు పనివాళ్ళ చొక్కాలు కుట్టే షాపు అది. మిషన్ల మీద చాలామంది ఉన్నా, గుడ్డ తాను విప్పి బల్ల మీద పరిచి, సుద్దతో గీసి, మడత మీద మడతగా కత్తెర నడిపేది మాత్రం అక్క ఒక్కతే. ఆ షాపులో అందరూ ఆమెను మాస్టర్ అంటారు.

వంటింట్లోంచి అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఏం తప్పు కోశావే?"

"కోసింది నేను కాదమ్మా, నీ సీరియల్ మనిషి."

చెల్లెలికి అప్పుడర్థమైంది. ఆ సీరియల్లో హీరోగారి అక్కకి మతి చలించింది. నిన్నటి భాగంలో ఆవిడ బల్ల మీది కత్తెర తీసుకుని హీరోయిన్ మీదికి ఉరికింది. ఉరికిన నటికి ఈ భాష రాదు. ఆ నటి తరఫున గొంతు చించుకుని కేక పెట్టింది డబ్బింగ్ గదిలో నిలబడ్డ చెల్లెలే. ఆ రోజు ఆ కేకకి అందరూ చప్పట్లు కొట్టారు కూడా.

"ఆ సీను చూస్తుంటే మేడమ్ చేతిలో టీ కప్పు జారి పగిలిపోయిందట," అంది అక్క. "పొద్దున్న నేను వెళ్ళేసరికి నా బల్ల ఖాళీ."

"నీ మాత్రల సంగతి ఆవిడకి మొదట్నుంచీ తెలుసుగా?"

"తెలిసే పెట్టుకుంది. నా మాత్ర వేళకి నీళ్ళు కూడా తెచ్చి ఇచ్చేది. తెలియడం వేరు, నీ కేక వినడం వేరు." అక్క కట్టర్ని వేలితో బల్ల మీద గిర్రున తిప్పింది. "సోమవారం కొత్త కటింగ్ మాస్టర్ వస్తాడట. 'నీకెందుకు శ్రమ, దారాలు తీసుకుంటూ కూర్చో తల్లీ' అంది. తల్లీ అంది! ఇన్నాళ్ళూ మాస్టర్ అన్న మనిషి తల్లీ అంటే ఇంక ఆ బల్ల నాది కాదనే."

"నేను వచ్చి మాట్లాడతాను," అంది అమ్మ.

"వద్దమ్మా. నువ్వొస్తే ఏడుస్తావు. ఇంటిల్లిపాదికీ ఉందనుకుంటారు."

"అయితే నేను వెళ్తాను," అంది చెల్లెలు.

"వెళ్ళి? అరుస్తావా?"

ముగ్గురికీ నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. అక్క వంగి చెప్పులు విప్పుకుంది. ఆమె కుడిచేతి బొటనవేలి మొదట్లో కత్తెర పిడి ఒరుసుకుని కట్టిన కాయ ఉంది. ఎడమచేత్తో దాన్నే రుద్దుకుంటూ కూర్చుంది.

*

స్టూడియోలో చెల్లెలి పేరు కేకలమ్మ. పసిపిల్లల గొంతుకి ఒకరు, ముసలి గొంతుకి ఒకరు, వెక్కిళ్ళు పెట్టి ఏడవడానికి ఒకరు ఉన్నట్టే కేకకి ఆమె. మెట్ల మీంచి పడేవాళ్ళకి, దెయ్యాన్ని చూసినవాళ్ళకి, దెయ్యానికి కూడా ఆమే అరుస్తుంది. బయటికి పీలగా కనబడే మనిషిలోంచి అంత శబ్దం ఎలా వస్తుందని కొత్తవాళ్ళు అద్దంలోంచి తొంగి చూసేవాళ్ళు.

డబ్బింగ్ గదిలోకి వెళ్ళేటప్పుడు చప్పుడు చేసే బట్టలు వేసుకోకూడదు. తాళంచెవులు, చిల్లర బయట పెట్టాలి. అన్నిటికన్నా పెద్ద శత్రువు కడుపు. ఆకలేస్తే అది పెట్టే గోల మైకు ముందు వినిపిస్తుంది. తింటే కేక పైకి లేవదు. అందుకని గోరువెచ్చటి నీళ్ళు తాగి, పని అయ్యాక తినడం ఆమె పద్ధతి.

అద్దం అవతల ఇంజనీరు, అతని పక్కన డబ్బింగ్ మాస్టారు. మాస్టారి చేతిలో ఆ రోజు చెప్పాల్సిన మాటల కాగితాలు. అందులో హీరోగారి అక్కకి మాటలుండవు. బ్రాకెట్లు ఉంటాయి. (కేక). (మూలుగు). (నవ్వు, పొడుగ్గా). పనివాడికి మాటలున్నాయి, పాలవాడికి మాటలున్నాయి, చివరికి పంజరంలో చిలక్కి కూడా రెండు మాటలు రాశారు. ఆవిడకి లేవు. ఇన్నాళ్ళూ ఆ సంగతి చెల్లెలికి పట్టలేదు. ఈ రోజు పట్టింది.

నవ్వు ఇచ్చింది.

"బాగానే ఉంది," అన్నాడు మాస్టారు, మైకులో. "ఇంకొంచెం పిచ్చిగా ఇవ్వమ్మా."

"ఎలాంటి పిచ్చి మాస్టారూ?"

"ఎలాంటిదేమిటి? పిచ్చి అంటే పిచ్చే. ఉప్పులో రకాలుంటాయా?"

"అసలు ఆవిడ జబ్బేమిటండీ?"

"నాకేం తెలుసు? సీరియల్ ఎంత కాలం నడిస్తే అంత జబ్బు." ఇంజనీరు కిసుక్కున నవ్వాడు. మాస్టారు మంచివాడే, వాన పడితే ఇంటికి వెళ్ళేవాళ్ళకి తన గొడుగు ఇచ్చి తను తడిసే మనిషి. ఆయనకు అందిన కాగితంలో ఉన్నది ఆయన అడుగుతున్నాడు, అంతే.

చెల్లెలు ఇంకొంచెం పిచ్చిగా నవ్వింది. నవ్వుతూ ఉండగా, ఈ నవ్వు రేపు ఎవరెవరి చేతుల్లోంచి ఏమేం లాక్కుంటుందో అనిపించి, చివర్లో గొంతు పట్టేసింది. అదే బాగుందన్నారు వాళ్ళు.

తర్వాతి రోజు చెయ్యాల్సిన సీను ఒకసారి వేసి చూపించమని అడిగింది. గదిలో ఓ మూల హీరోగారి అక్క గొంతుక్కూర్చుని ఉంది. కుడిచేతిలో కత్తెర. హీరోయిన్ గుమ్మంలో ఆగి, అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి, వంగి, ఆ చేతిలోంచి కత్తెర లాక్కుంటుంది. కాగితంలో ఇలా ఉంది: (వరసగా కేకలు).

చెవులకున్న హెడ్‌ఫోన్లో షూటింగులో పట్టిన అసలు శబ్దం వినబడింది. భాష రాని నటి మాటల బదులు అంకెలు చెబుతుంది. దవడలు కదలాలి కాబట్టి. ఆ మూల కూర్చుని, తన భాషలో ఒకటి, రెండు, మూడు అని మెల్లగా లెక్కపెట్టుకుంటోంది. నిజానికి ఆవిడ అరవనే లేదు.

"ఈ పాత్ర ఒక్కటే మన ప్రాణానికి హాయి," అన్నాడు ఇంజనీరు. "పెదవుల కదలికకి మాట కలపక్కర్లేదు. ముఖమంతా జుట్టే కదా. వెనక ఏం పలికినా అతుక్కుంటుంది."

చెల్లెలు తెర వంకే చూస్తూ ఉండిపోయింది. పిచ్చిదని తెలియాలని ఆవిడ జుట్టు విరబోసి ముఖం మీద వేశారు. ఆ జుట్టు వెనక పెదవులు కనబడవు. కనబడని పెదవులు కేకే పెట్టాలని ఎక్కడుంది?

*

ఆ సాయంత్రం అక్క కిటికీ దగ్గర కూర్చుని అమ్మ పాత చీర అంచు విప్పి మళ్ళీ కుడుతోంది. ఇంట్లో కత్తెర ఉంది. అయినా ఆమె దారాన్ని పళ్ళతో తెంపుతోంది.

"అక్కా, ఒకటి అడుగుతాను. తప్పుగా అనుకోవుగా?"

"ముందు అడుగు. ఎలా అనుకోవాలో తర్వాత చూస్తాను."

సీను అంతా చెప్పింది. "ఆ మూల కూర్చున్న మనిషి ఏమంటుంది?"

అక్క సూది ఆపింది. "ముందు ఆ జుట్టేమిటి? నాకు బాగాలేనప్పుడు జుట్టు విరబోసుకున్నానా? జడ వేసుకునే ఓపికే లేదు, ఇంక విరబోసుకునే ఓపిక ఎక్కడిది? వేసిన జడ వేసినట్టే అట్ట కట్టింది. అమ్మ దువ్వలేక ఏడిచింది."

"నవ్వు?"

"నవ్వొచ్చే జబ్బయితే మందెందుకే?"

చెల్లెలు నేల మీద ఆమె పాదాల దగ్గర కూర్చుంది. అక్క అంచు వంక చూస్తూ మెల్లగా చెప్పింది.

"అరవాలని ఒక్కరోజూ అనిపించలేదు. గోడవతల ఎవరో నా గురించే మాట్లాడుకుంటున్నట్టు వినబడేది. అరిస్తే నేనిక్కడున్నానని వాళ్ళకి తెలిసిపోతుందని భయం. అందుకని గుసగుసలే. నువ్వు గట్టిగా మాట్లాడినా నీ మీద కోపం వచ్చేది, మనల్ని పట్టిచ్చేస్తున్నావని."

"అందుకా అప్పుడు నా నోరు మూసేదానివి!"

"అందుకే. నువ్వేమో కొడుతున్నాననుకుని ఇల్లంతా పరిగెత్తేదానివి." అక్క చిన్నగా నవ్వింది. "అమ్మ మాత్రం వచ్చి పక్కన కూర్చునేది. ఏం అడిగేది కాదు. బఠానీలు ఒలుచుకుంటూ కూర్చునేది. గిన్నెలో గింజ పడిన చప్పుడు ఒకటుంది చూశావా, అది ఇటువైపు చప్పుడు. గోడవతలది కాదు. అది నిజమని తెలిసేది."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. అమ్మ వింటోందని ఇద్దరికీ తెలుసు.

చెల్లెలు లేచి గోడకి ఆనుకుని గొంతుక్కూర్చుంది. జుట్టు ముందుకి వేసుకుంది. గుసగుసగా పలికింది. "గట్టిగా మాట్లాడకు... వాళ్ళు వింటారు... వెళ్ళకు, ఇక్కడే కూర్చో..."

"ఛీ," అంది అక్క.

"బాగా లేదా?"

"జాలి కలిపావు. పాలలో నీళ్ళు కలిపినట్టుంది. నాకు నా మీద జాలి ఉండేది కాదే, పనుండేది. వాళ్ళకి దొరక్కుండా ఉండడం పని. 'తలుపు వెయ్యి, చలిగాలి వస్తోంది' అంటామే, అలా చెప్పు."

మళ్ళీ పలికింది. అక్క తల అడ్డంగా ఊపింది. మళ్ళీ. ఈసారి ఊపిరి ఎక్కువైందంది. మళ్ళీ. వంటింటి గుమ్మంలోకి అమ్మ వచ్చి నిలబడి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అదీ," అంది అక్క, సూదిలో దారం ఎక్కిస్తూ. "చూడు, అమ్మ వచ్చేసింది. అమ్మ వచ్చిందంటే సరిగ్గా కుదిరినట్టే."

*

మర్నాడు ఆ సీను వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది.

కేక పెట్టేటప్పుడు మైకుకి దూరంగా జరగాలి. లేకపోతే శబ్దం పగులుతుంది. చెల్లెలు మైకుకి ఆనేంత దగ్గరికి జరిగింది.

"వెనక్కమ్మా వెనక్కి!" ఇంజనీరు హెడ్‌ఫోన్లు సగం లాగేశాడు. "అక్కణ్ణుంచి అరిస్తే నా చెవులు రెండూ నీకే ఇచ్చి ఇంటికెళ్ళాలి."

"అరవనండీ. నమ్మండి."

తెర మీద బొమ్మ కదిలింది. మూల, మనిషి, కత్తెర, జుట్టు. జుట్టు కింద దవడ కదలడం మొదలుపెట్టగానే చెల్లెలు పలికింది.

"గట్టిగా అడుగులు వెయ్యకు. గోడవతల వాళ్ళు వింటారు." హీరోయిన్ ఒక అడుగు ముందుకి వేసింది. "ఇలా రా. ఇది తీసుకో, నా చెయ్యి నొప్పెడుతోంది." హీరోయిన్ వంగి కత్తెర తీసుకుంది. "వెళ్ళకు. కాసేపు ఇక్కడే కూర్చో. ఏం మాట్లాడక్కర్లేదు."

మధ్యమాట ఆమె ముందు అనుకున్నది కాదు. చేతిని చూస్తే వచ్చింది.

ఇంజనీరు వేళ్ళు మీట మీద ఉన్నాయి. మొదటి మాటకి ఆ వేళ్ళు ఆగాయి, రెండో మాటకి మీటని పూవుని పట్టుకున్నట్టు మెల్లగా పైకి జరిపాయి. బొమ్మ అయిపోయింది. రికార్డింగ్ ఆపడం అతను మరిచిపోయాడు.

"ఇది కాగితంలో లేదు," అన్నాడు మాస్టారు.

"కాగితంలో ఏమీ లేదు కదండీ, బ్రాకెట్ తప్ప."

"బ్రాకెట్లో కేక ఉంది."

"కేక ఇవ్వనండి."

"ఇవ్వవా?" మాస్టారు కాగితాలు కింద పెట్టి అద్దం దగ్గరికి వచ్చాడు. "అమ్మాయ్, నిన్ను పిలిచేదే కేకకి. నువ్వివ్వకపోతే ఇంకొకరిని పిలుస్తారు. రేపట్నుంచి నిన్ను పిలవరు. ఆలోచించుకో, నీ మంచికే చెబుతున్నాను."

చెల్లెలు మైకు స్టాండు పట్టుకుంది. "పిలవకపోతే మానెయ్యండి మాస్టారూ. దొంగొస్తే అరుస్తాను. నూతిలో పడితే అరుస్తాను. దెయ్యానికి ఎన్నిసార్లు అరవలేదూ? ఈ మనిషి జబ్బు మనిషండీ. జబ్బు మనిషికి మాత్రం అరవను."

"నాకు ఆ అధికారం లేదమ్మా," అన్నాడాయన నీరసంగా, ఫోన్ తీస్తూ. "పైవాళ్ళనే రమ్మంటాను."

డైరెక్టరు పై అంతస్తులో ఎడిటింగ్ గదిలోంచి దిగి వచ్చాడు. ఎప్పుడూ నోట్లో లవంగం పెట్టుకుని ఉండే మనిషి, ఎప్పుడూ ఆలస్యంలో ఉండే మనిషి. "ఏమిటి గొడవ? రేపు సాయంత్రం వెళ్ళిపోవాల్సిన భాగం ఇది. వెయ్యండి," అన్నాడు, నిలబడే.

వేశారు. విన్నాడు. "మళ్ళీ," అన్నాడు. రెండోసారికి కుర్చీ లాక్కున్నాడు. మూడోసారి లవంగం నమలడం ఆపాడు.

"నేను లాక్కున్నట్టు తీశానయ్యా," అన్నాడు ఇంజనీరుతో. "ఇప్పుడు చూస్తే, ఆవిడ ఇస్తే ఈవిడ తీసుకున్నట్టుంది. అదే బొమ్మ కదా? ఏం మార్చలేదుగా?"

"గొంతు తప్ప ఏదీ మారలేదు సార్."

"ఆ హీరోయిన్ ముఖం చూడు. ఇన్నాళ్ళూ నేను భయపడమంటే ఆ పిల్లకి భయం రావడం లేదని తిట్టాను. అది భయం కాదు, జాలీ కాదు... ఏదో బాగుంది." కుర్చీ తిప్పి అద్దంలోంచి చెల్లెలి వంక చూశాడు. "వెనక ఆ డప్పుల మ్యూజిక్ తీసెయ్యమనండి."

"చానెల్ వాళ్ళు ఒప్పుకుంటారా సార్?" అన్నాడు మాస్టారు.

"మొదటిరోజు తిడతారు. జనానికి నచ్చిందనుకో, రెండోరోజు ఇది మా ఆలోచనే అంటారు. నాకు కొత్తా?" లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "కేకలమ్మా, పెద్ద చిక్కు తెచ్చిపెట్టావు. ఆ పాత్రని వచ్చే వారం మేడ మీంచి తోసేద్దామనుకున్నాం. మాటలు లేని మనిషిని ఎన్నాళ్ళని ఉంచుతాం? ఇప్పుడది మాట్లాడేసింది. మాట్లాడిన మనిషిని చంపితే చూసేవాళ్ళు ఊరుకుంటారా? ఇంక దాన్ని బతికించాలి. బాగుచెయ్యాలి. రచయిత నా ప్రాణం తీస్తాడు."

"సారీ సార్," అంది చెల్లెలు.

"ఆ మాటలు ఎవరు రాశారు?"

"మా అక్క సార్."

"రచయిత్రా?"

"కటింగ్ మాస్టర్ సార్."

"కొలతలు బాగా తెలుసు. ఒక మాట ఎక్కువ లేదు." లవంగం మళ్ళీ నమలసాగాడు. "ఒకసారి తీసుకురా. ఆ రచయితకి ఎదురుగా కూర్చోబెడదాం."

తలుపు మూసుకుంది. మాస్టారు తన కాగితం తీసుకుని, (వరసగా కేకలు) అన్నదాన్ని పెన్సిల్‌తో కొట్టేసి, "మెల్లగా చెప్పమ్మా, రాసుకుంటాను," అన్నాడు.

*

అన్నం డబ్బా విప్పకుండానే చెల్లెలు షాపుకి పరిగెత్తింది. దారిలో మేడమ్‌తో ఏమనాలో కూడబలుక్కుంది. రేపటి భాగం చూడండి, అది చూసేదాకా కొత్త మనిషిని పెట్టకండి, సోమవారం ఎంతో దూరం లేదు, కొంచెం ఆగండి. బతిమాలాలా, గట్టిగా అడగాలా? రెండు రకాలుగానూ పలికి చూసుకుంది. ఎదురొస్తున్న ఒకాయన పక్కకి తప్పుకున్నాడు.

షాపు అద్దం దగ్గర ఆమె కాళ్ళు ఆగిపోయాయి.

అక్క కటింగ్ బల్ల దగ్గర ఉంది. మెడలో టేపు. తెల్లగుడ్డ మడత మీద మడతగా పరిచి ఉంది. పెద్ద కత్తెర కింది రెక్క బల్లని వదలకుండా, చేపలా ముందుకి జారిపోతోంది. బల్ల రెండోవైపు ఎత్తుపీట మీద మేడమ్ కూర్చుని, గుడ్డ అంచు రెండు చేతులతో పట్టుకుని ఉంది.

చెల్లెలు తలుపు సందులోంచి లోపలికి జారింది. గుమ్మం పక్కనే కాజాలు తీసే పెద్దాయన కూర్చుంటాడు, అందరికీ బాబాయ్.

"ఏం జరిగింది బాబాయ్?" అంది గుసగుసగా.

"అబ్బో, నువ్వుండాల్సిందమ్మా!" ఆయన సూది పట్టుకున్న చేత్తోనే దగ్గరికి రమ్మన్నాడు. "పొద్దున్న మీ అక్క దారాల బుట్ట దగ్గర కూర్చోలేదు. తిన్నగా వెళ్ళి మేడమ్ ఎదురుగా నిలబడింది. 'మేడమ్, మీరు నన్ను చూసి భయపడ్డారా, టీవీలో విని భయపడ్డారా?' అంది. మేడమ్ నీళ్ళు నమిలింది. 'మీరు విన్న కేక ఎవరిదో తెలుసా? మా చెల్లెలిది' అంది."

"చెప్పేసిందా!"

"చెప్పడమా! 'అరిచే ముందు గోరువెచ్చటి నీళ్ళు తాగుతుంది. అరిచాక డబ్బా విప్పుకుని శుభ్రంగా భోంచేస్తుంది. ఇంట్లో బల్లి కనబడితే మాత్రం అరవదు, గొంతు పాడవుతుందట. నన్ను పిలుస్తుంది. బల్లిని తోలేది ఈ పిచ్చిదే' అంది. మిషన్లన్నీ ఆగిపోయాయనుకో. నవ్వలేక చచ్చాం. మేడమ్ కూడా నవ్వింది."

"నవ్వి తాళం తీసిందా?"

"అంత తేలికా?" బాబాయ్ గొంతు తగ్గించాడు. "నవ్వు ఆగాక, 'అయినా నాకు భయంగానే ఉందమ్మా, ఏం చెయ్యను' అంది. అబద్ధమాడలేదు, పాపం. అప్పుడు మీ అక్క ఏమందో తెలుసా? 'భయంగా ఉంటే ఒంటరిగా కూర్చోకూడదు మేడమ్. వచ్చి నా పక్కన కూర్చోండి. నేను కోస్తుంటాను, మీరు చూస్తుండండి' అంది. బల్ల అవతల పీట తెచ్చి వేసింది. మేడమ్ ఆ పీట వంక చూసింది, ఈవిడ వంక చూసింది. సొరుగు తాళం తీసి, కత్తెర తనే పట్టుకొచ్చి, పీట మీద కూర్చుంది. మొదట చేతులు ఒళ్ళో పెట్టుకుంది. కాసేపటికి గుడ్డ జారుతోందని అంచు పట్టుకుంది. అంతే. భోజనానికి తప్ప లేవలేదు."

చెల్లెలు దారంతా మోసుకొచ్చిన మాటల్లో ఒక్కటీ ఇక్కడ అక్కరకొచ్చేది కాదు. అందుకు ఆమెకు ఇంత సంతోషం కలుగుతుందని అనుకోలేదు.

"ఎవరది? రా లోపలికి," అంది మేడమ్. ఎగాదిగా చూసింది. "నువ్వేనా? నా కప్పు పగలగొట్టింది నువ్వేనన్నమాట. ఇంత మనిషిలో అంత గొంతెక్కడుందమ్మా?"

"నమస్తే మేడమ్."

"ఏదీ, ఒకసారి అరిచి చూపించు."

"మానేశానండీ. ఇవాళే."

అక్క కత్తెర ఆపి తలెత్తింది. చెల్లెలు ఆమె వంక చూసి, అవునన్నట్టు తల ఊపింది. అక్క ముఖంలో గీత కదిలింది. వెంటనే మళ్ళీ గుడ్డ మీదికి వంగింది.

"సోమవారం వచ్చే ఆయనకి వద్దని చెప్పెయ్యాలి," అంది మేడమ్.

"ఎందుకండీ? రానివ్వండి," అంది అక్క. "ఆసుపత్రి కోట్లు నెత్తిమీదున్నాయి. నా కింద పనిచేస్తాడు. చెయ్యి బాగుంటే నాలుగు రోజుల్లో కాలర్లు అప్పజెబుతాను."

మేడమ్ బాబాయ్ వైపు తిరిగింది. "విన్నావా మీ మాస్టర్ దర్జా?"

*

మర్నాడు సాయంత్రం సీరియల్ వేళకి చెల్లెలు షాపులోనే ఉంది. అమ్మ కూడా వచ్చింది. ఏడవనని మాట ఇచ్చాకే అక్క రానిచ్చింది. గోడ మీద అరలో చిన్న టీవీ. మిషన్లు ఒక్కటొక్కటే ఆగాయి. మేడమ్ పీట మీద, గుడ్డ అంచు పట్టుకుని. అక్క మాత్రం కోస్తూనే ఉంది.

మూల కూర్చున్న మనిషి తెర మీదికి రాగానే మేడమ్ భుజాలు బిగుసుకున్నాయి. కేక కోసం అందరూ కాచుకున్నారు.

"గట్టిగా అడుగులు వెయ్యకు. గోడవతల వాళ్ళు వింటారు."

అప్పటిదాకా నడుస్తున్న మిషనొకటి ఉంటే, బాబాయ్ చెయ్యి ఎత్తి ఆపించాడు. చెల్లెలు తెర చూడలేదు. వినేవాళ్ళ ముఖాలు చూస్తోంది. స్టూడియోలో ఎప్పుడూ కనబడని ముఖాలు అవి. "ఇది తీసుకో, నా చెయ్యి నొప్పెడుతోంది," అన్నప్పుడు కాలర్లు కుట్టే ఆమె తన చెయ్యి తనే పట్టుకుంది. "వెళ్ళకు. కాసేపు ఇక్కడే కూర్చో," అన్నప్పుడు మేడమ్ భుజాలు దిగాయి.

"కూర్చోవే, కూర్చో దాని దగ్గర," అంది మేడమ్, హీరోయిన్‌తో.

హీరోయిన్ కూర్చుందో లేదో తెలియకుండానే ప్రకటనలు వచ్చేశాయి. ఒక్కసారిగా అందరూ మాట్లాడారు.

"ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు, ఇంత చక్కగా మాట్లాడే మనిషిని గదిలో పెట్టి?"

"రేపేమవుతుంది?"

"రేపటి సంగతి వాళ్ళకే తెలియదట," అంది అక్క. "ఆదివారం నన్ను రమ్మన్నారు. చెప్పండి, ఏం చెప్పమంటారు?"

"డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమను," అంది కాలర్లామె.

"ఏదైనా పని ఇమ్మను దానికి," అంది అమ్మ. "ఊరికే కూర్చోబెడితే ఎవరికైనా మతిపోతుంది."

"నేను చెప్పేదాకా ఆగండి," అంది మేడమ్, అంచు వదలకుండానే చెయ్యి ఊపబోయి గుడ్డంతా ఊపుతూ. "ముందు ఆ జుట్టు వెనక్కి దువ్వి జడ వెయ్యమను. ఇంత కాలంగా చూస్తున్నాం, ఆవిడ ముఖమే తెలియదు మనకి. ముఖం కనబడాలి."

"ముఖం కనబడితే మా చెల్లెలికి కష్టం మేడమ్," అంది అక్క. "పెదవులు కనబడతాయి. ప్రతి మాటా ఆవిడ పెదవుల కదలికకి సరిగ్గా కలపాలి. ఒక్కో మాటకి ఎన్నిసార్లు పలకాలో."

అందరూ చెల్లెలి వైపు తిరిగారు.

"దువ్వమని చెప్పక్కా," అంది చెల్లెలు. "కలుపుతాను."